స్కూబా ఇన్‌స్ట్రక్టర్ పరీక్ష: నెల రోజుల్లో దేని మీద దృష్టి పెట్టాలి?

ప్రశ్న: డైవ్‌మాస్టర్ (ఇన్‌స్ట్రక్టర్‌కు ముందు మెట్టు) పూర్తయింది. లాగ్‌బుక్‌లో 74 డైవ్‌లున్నాయి. డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ వాళ్ల ఐడీసీ (ఇన్‌స్ట్రక్టర్ కోర్సు) వచ్చే నెలలో మొదలు, అది అవగానే ఐఈ (ఇన్‌స్ట్రక్టర్ పరీక్ష). ఫిజిక్స్‌లో వస్తువును పైకి లేపే లెక్కలు ప్రతిసారీ తప్పుతున్నాయి. కొలనులో పాఠం చెప్పేటప్పుడు మార్కులు ఎక్కడ పోతాయో కూడా అంతుపట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: ముందు కాగితాల సంగతి తేల్చుకోండి. ఐడీసీలో చేరడానికి 60 డైవ్‌లు చాలు గానీ, ఐఈ నాటికి 100 ఉండాలి. అంటే మీకింకా 26 కావాలి. కోర్సులో ఎలాగూ నీళ్లలోనే ఉంటాం కదా అని వదిలేయకండి, కొలనులో గడిపిన గంటలు డైవ్‌ల లెక్కలోకి రావు. రాత్రి డైవ్, డీప్ డైవ్, నావిగేషన్ మూడూ లాగ్‌బుక్‌లో కనబడాలి. డాక్టరు సంతకం చేసిన మెడికల్ ఫారం 12 నెలల లోపుదై ఉండాలి.

జవాబు: ఫిజిక్స్ గురించి నేను చెబుతాను. చాలామందికి సూత్రం వచ్చు. ప్రశ్నలో కనబడిన ప్రతి అంకెనూ వాడెయ్యాలనుకోవడంతోనే చిక్కు. ఈ లెక్క చూడండి: సముద్రంలో 25 మీటర్ల లోతున 200 కిలోల ఇంజిన్ పడి ఉంది. అది 100 లీటర్ల నీటిని తొలగిస్తోంది. అది మునగకుండా, తేలకుండా నిలవాలంటే లిఫ్ట్ బ్యాగ్‌లో (బరువును పైకి లేపడానికి గాలి నింపే సంచిలో) ఎంత గాలి ఉండాలి?

ఉప్పునీరు లీటరుకు 1.03 కిలోలు. 100 లీటర్ల నీరు 103 కిలోలను మోస్తుంది, మిగిలింది 97 కిలోలు. దాన్ని మళ్లీ 1.03తో భాగిస్తే 94.2 లీటర్లు. అక్కడితో ఆపెయ్యాలి! 25 మీటర్లు అన్నది ఇక్కడ ఎర మాత్రమే. ఆ గాలి నీటి పైన ఎన్ని లీటర్లు అవుతుందని అడిగితేనే ఆ లోతులోని పీడనం 3.5తో గుణించాలి, దాదాపు 330 వస్తుంది. 3.5లో నీటి పీడనం 2.5, దాని మీది వాతావరణానిది 1. ఆ ఒకటిని మరిచిపోవడం రెండో తప్పు. 97 దగ్గరే ఆగిపోవడం మూడోది, ఎందుకంటే కిలోలూ లీటర్లూ ఒకటే కావడం మంచినీటిలోనే.

థియరీలో అయిదు పేపర్లు, ప్రతి దానిలోనూ విడివిడిగా 75 శాతం రావాలి. ఒకదానిలో 95 వచ్చినా ఇంకోదాని 70ని అది కాపాడదు. వీటికి తోడు ఉండే స్టాండర్డ్స్ (కోర్సు నియమాల) పేపరుకు పుస్తకం చూసుకోవచ్చు. అయినా ఓపెన్ వాటర్ (మొదటి స్థాయి) కోర్సులో కొలనులో ఒక ఇన్‌స్ట్రక్టరుకు 10 మంది, సముద్రంలో 8 మంది అన్నంత వరకైనా కంఠతా ఉండాలి, లేకపోతే పేజీలు తిప్పడంతోనే టైమ్ అయిపోతుంది.

జవాబు: కొలను పాఠంలో మార్కులు పోయేది ఎక్కువగా విద్యార్థి తప్పును చూడకపోవడం దగ్గర. విద్యార్థులుగా వచ్చేది మీ తోటి అభ్యర్థులే. ఏ తప్పు చేయాలో ఎగ్జామినర్ వాళ్లకు ముందే చెవిలో వేస్తారు. మాస్క్ క్లియరింగ్‌నే (మాస్క్‌లో చేరిన నీటిని ఊపిరితో బయటికి పంపడం) తీసుకోండి. ముక్కుతో వదలాల్సిన ఊపిరి నోటితో వదిలితే బుడగలన్నీ రెగ్యులేటర్ (నోట్లో పెట్టుకుని గాలి పీల్చే పరికరం) నుంచే వస్తాయి, మాస్క్‌లో నీటిమట్టం కదలదు. మీ కళ్లు ఆ నీటి గీత మీద ఉండాలి, బుడగల మీద కాదు. తప్పు కనబడగానే ఆపండి, మీ ముక్కు చూపించండి, మళ్లీ చేయించండి.

రెండోది, దూరం. చెయ్యి చాస్తే విద్యార్థి బీసీడీ (సిలిండరు తగిలించే, గాలి నింపే జాకెట్) పట్టీ అందేటంత దగ్గరలో ఉండండి. ముక్కులోకి నీళ్లు వెళ్లినవాళ్లు ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా పైకి దూసుకుపోతారు. తక్కువ లోతులోనైనా అలా వెళితే ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు. మిగతా ఇద్దరి మీదా ఓ కన్ను వేసి ఉంచడం మరవద్దు.

ప్రశ్న: చాలా ఉపయోగపడింది అండీ, థాంక్స్. నీటి అడుగున బీసీడీ విప్పి తొడుక్కునేటప్పుడు పైకి తేలిపోతున్నాను. దానికేం చేయాలి?

జవాబు: బరువులు బీసీడీ జేబుల్లో ఉన్నాయి కదా? అందుకే. అది విప్పగానే బరువంతా దానితో పోతుంది, మీరు తేలతారు. సెట్‌ను (బీసీడీ, సిలిండరు కలిపి) ఒంటికి హత్తుకునే ఉంచండి. రెగ్యులేటర్ గొట్టం కుడి భుజం మీదుగా వస్తుంది కాబట్టి విప్పేటప్పుడు ముందు ఎడమ చెయ్యి, తొడిగేటప్పుడు ముందు కుడి చెయ్యి. ఇది తిరగబడితే గొట్టం చంక కింద ఇరుక్కుంటుంది.

పరికరాలు విప్పే చిక్కు రెస్క్యూ పరీక్షలోనూ వస్తుంది. స్పృహ లేని డైవర్‌కు 5 సెకన్లకో ఊపిరి ఇస్తూ, లాక్కెళుతూ, బకిల్స్ విప్పాలి. బకిల్ సగంలో ఉన్నా సరే, అయిదో సెకనుకు చెయ్యి వదిలేసి ఊపిరి ఇచ్చి తీరాలి. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఒక్క బకిల్ అనుకోండి. ఇద్దరూ పరికరాలు వేసుకుని, ఆ లయ పైకి లెక్కపెట్టుకుంటూ వారానికి రెండుసార్లు చేయండి.