కర్ర ఏ చేతిలో పట్టుకోవాలి?

విశ్రాంత కండక్టరు, కర్నూలు:

నాకు 72 ఏళ్లు. ఆత్మకూరు రోడ్డు గుంతల్లో, కిక్కిరిసిన బస్సులో, ఒక చేత్తో టికెట్లు, ఇంకో చేత్తో చిల్లర ఇస్తూ కమ్మీ పట్టుకోకుండా నిలబడిన మనిషిని. 2009 అక్టోబరు వరదలో పక్కింటి ముసలమ్మను మిద్దె మీదికి మోసుకెళ్లిన కాళ్లు ఇవి. ఇప్పుడు సొంత ఇంట్లో వంటింటి గడప దాటడానికి గోడ పట్టుకుంటున్నాను.

మా ఇంట్లో పరిచినవి బేతంచెర్ల బండలు. ఉగాది ముందు ఇల్లు కడిగినప్పుడు తడి మీద జారాను. ఎముక విరగలేదు గానీ పది రోజులు మంచం దిగలేదు. లేచి చూసుకుంటే తొడలు పీల్చుకుపోయాయి. కుడి మోకాలు ముందు నుంచే నొప్పి. అబ్బాయి నాలుగు కాళ్ల వాకర్ తెప్పించాడు. దాని మీద ప్రస్తుతం తువ్వాళ్లు ఆరుతున్నాయి. కర్రకైతే మనసు కొంచెం ఒప్పుకుంది. నొప్పి కుడి కాలికి కాబట్టి కుడి చేత్తో పట్టుకుంటున్నాను. నడక ఇంకా వంకర పోతోంది. పొద్దున మంచం దిగగానే కళ్లు తిరుగుతాయి. మా ఆవిడ అసలు వీధిలోకే వెళ్లవద్దంటోంది. కొండారెడ్డి బురుజు దాకా వెళ్లి టీ తాగి రావడమే నాకున్న ఒక్క వ్యసనం. మానేయాలా?

ఫిజియోథెరపిస్టు, అనంతపురం:

అయ్యా, కర్ర ఎడమ చేతికి మార్చండి. నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో ఉండాలి. కుడి కాలు, కర్ర కలిసి ముందుకు పడితే ఒంటి బరువులో కొంత కర్ర మీదికి పోతుంది. మామూలు నడకలోనూ కుడి కాలితో ఎడమ చెయ్యే కదా ఊగేది. ఎత్తు కూడా చూసుకోండి: రోజూ వేసుకునే చెప్పులతో నిలబడి చేతులు వేలాడేస్తే కర్ర పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. కింది రబ్బరు అరిగితే మార్చండి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు కర్ర, నొప్పి కాలు.

ఇక తొడల సంగతి. కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలరో లెక్కపెట్టండి. పక్కన ఎవరైనా ఉండాలి. మీ వయసు మగవారు 12 సార్లకు తక్కువ లేస్తే కాళ్లలో బలం తగ్గినట్టే. పరీక్ష అదే, మందూ అదే. రోజూ రెండు పూటలా చేయండి. మొదట్లో చేతులు ఆనించినా తప్పులేదు.

కళ్లు తిరగడాన్ని మాత్రం వదిలేయకండి. పడుకున్నప్పుడు, లేచి నిలబడ్డాక బీపీ చూపించుకోండి. లేచాక పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తగ్గితే, మీరు వాడే మాత్రలను డాక్టరు సరిచూడాలి. మీ అంతట మీరు ఆపవద్దు. మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చుని లేవండి.

పొద్దుటూరు పెద్దాయన:

ఈ వయసులో నడిస్తే ఉన్న గుజ్జు కూడా అరిగిపోతుంది. హాయిగా కూర్చోండి.

ఫిజియోథెరపిస్టు, అనంతపురం:

కూర్చుంటే కండ కరుగుతుంది పెద్దాయనా. అప్పుడు బరువంతా ఆ మోకీలు మీదే పడుతుంది.

ఒక కోడలు, కడప:

మా ఊరి పేరు గడప నుంచే వచ్చిందంటారు, తిరుమల కొండకు గడప అని. మా అత్తమ్మకు మాత్రం ఇంట్లో గడపలే శత్రువులు. మూడుసార్లు పడ్డారు, మూడూ రాత్రి బాత్రూముకు వెళ్తూనే. దారిలో చిన్న లైటు రాత్రంతా వెలగనిస్తున్నాం. గడప అంచుకు పసుపు రంగు పూశాం. బాత్రూములో పట్టుకోవడానికి స్టీలు కడ్డీ గోడలో దిగేసి బిగించాం. అరిగిన హవాయి చెప్పులు నేనే పారేశాను. వారం మాట్లాడలేదు నాతో. పిన్నిగారికి చెప్పండి, ఆమె భయపడాల్సింది వీధి గురించి కాదు, కడిగిన బండల గురించి.

విశ్రాంత కండక్టరు, కర్నూలు (నెల తర్వాత):

కర్ర చేయి మారింది. వడ్రంగి రెండు అంగుళాలు కోశాడు. ఇన్నాళ్లూ భుజం ఎందుకు లాగుతోందో అప్పుడు తెలిసింది. బీపీ మాత్ర ఒకటి డాక్టరు తగ్గించారు. కుర్చీ లెక్క మొదటి రోజు 5, నిన్న 9. మా ఆవిడ గడియారం పట్టుకుని చెకింగ్ ఇన్‌స్పెక్టరులా నిలబడుతుంది. సగం లేచింది లెక్కలోకి రాదట.

బురుజు దాకా వెళ్లాను. దారిలో రెండుసార్లు అరుగుల మీద కూర్చున్నాను. టీ కొట్టు అబ్బాయి కర్ర చూసి ఏమంటాడోనని దాన్ని వెనక్కి దాచబోయి మళ్లీ పడబోయాను. వాడు చూడనే లేదు.

మొన్న ఆత్మకూరు బస్సు కూడా ఎక్కాను. మంచి కాలు ముందు ఫుట్‌బోర్డు మీద, తర్వాత రెండోది. కండక్టరు కుర్రవాడు నేను సీట్లో కూర్చునేదాకా రైట్ చెప్పలేదు. వృద్ధులకిచ్చే 25 శాతం తగ్గింపూ ఇచ్చాడు. చిల్లర రెండుసార్లు లెక్కపెట్టాను, సరిగ్గానే ఉంది.