ఎం-30 శ్లాబులో ఒక ఫలితం 28. సగటు బాగుంది కాబట్టి పాసైనట్టేనా?

ఎండాడ నివాసి
మా అపార్ట్‌మెంటు ఎండాడలో, సముద్రపు గాలి నేరుగా తగిలే చోట కడుతున్నారు. మూడో అంతస్తు శ్లాబుకు 45 ఘనమీటర్ల ఎం-30 కాంక్రీటు, అంటే చదరపు మిల్లీమీటరుకు 30 న్యూటన్ల బలం ఉండవలసినది, పోశారు. అదే కాంక్రీటుతో నింపిన క్యూబులను 28 రోజులకు మెషిన్లో విరిచి చూసే క్యూబు పరీక్షలో నాలుగు శాంపిళ్ల ఫలితాలు, అవే కొలతల్లో, 38, 36.5, 28, 35.5. సగటు 34.5 ఉంది కాబట్టి శ్లాబు పాసైందని బిల్డరు కాగితం పంపించారు. నేను బ్యాంకులో పనిచేసినవాణ్ణి. ఒకరి ఖాతాలో తగ్గిన డబ్బును ఇంకొకరి ఖాతాలో మిగులు చూపించి సరిపెట్టడం నాకు తెలియదు. 30 అడిగిన చోట 28 ఎలా చెల్లుతుంది? ఆదివారం కమిటీ తరఫున అభ్యంతరం రాయాలి. తెలిసినవారు చెప్పండి.

మధురవాడ సైటు ఇంజినీరు
ఇందులో మోసమేమీ లేదండీ. ఎం-30 అంటే ప్రతి ఫలితమూ 30 దాటాలని కాదు, 30 కంటే తగ్గేవి నూటికి అయిదుకు మించకూడదని. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 456 ఇచ్చిన నిర్వచనమే ఇది. ఇసుకలో తేమ పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటుంది; ఫలితాలు ఎగుడుదిగుడు కాక తప్పదు. అందుకే నిబంధన రెండు సంగతులు చూస్తుంది. వరుసగా వచ్చిన నాలుగు ఫలితాల సగటు, 30కి ప్రామాణిక విచలనంలో (ఫలితాలు సగటు నుంచి ఎంత చెదురుతాయో చెప్పే కొలతలో) 0.825 వంతు కలిపినంత లేదా 33, వీటిలో ఏది ఎక్కువైతే అంత ఉండాలి. ఏ ఒక్క ఫలితమూ 27కు తగ్గకూడదు. విచలనం 5 అనుకుంటే మీకు కావలసిన సగటు సుమారు 34. రెండూ దాటారు. సముద్రతీరంలో ఆర్‌సీసీకి ఎం-30 కనీస గ్రేడు అన్నది నిజమే, కానీ ఆ 30ని కొలిచే పద్ధతి కూడా ఇదే.

ఎండాడ నివాసి
ఈ 0.825 ఎక్కడి నుంచి వచ్చింది?

ఎం.వి.పి. కాలనీ, విశ్రాంత గణిత అధ్యాపకుడు
ఊరికే పెట్టిన అంకె కాదది. నూటికి అయిదే 30 కంటే తగ్గాలంటే అసలు సగటు 30 మీద 1.65 విచలనాల ఎత్తున, అంటే 38.25 దగ్గర ఉండాలి. నాలుగు ఫలితాల సగటు ఊగేది విడి ఫలితం ఊగే దానిలో సగమే, ఎందుకంటే నాలుగుకు వర్గమూలం రెండు. ఆ సగానికి 1.65 రెట్లు, అంటే 0.825 మేరకు సగటు కిందికి జారినా మన్నిస్తారు. 1.65లో అది పోగా మిగిలింది 0.825. సరిగ్గా పోసేవారు నూటికి తొంభై అయిదు సార్లు దాటేలా గీసిన గీత ఇది.

ఇప్పుడు కొనేవారి వైపు నుంచి చూడండి. అసలు సగటు ఆ గీత మీదే ఉన్న కాంక్రీటులో దాదాపు 20 శాతం 30 కంటే తక్కువ బలం ఉంటుంది. అయిదు ఉండవలసిన చోట ఇరవై! అయినా సగటు పరీక్షను అది దాటే అవకాశం సగానికి సగం. నేను జీవితమంతా గణాంక శాస్త్రం బోధించాను, దాని మీద గౌరవంతోనే అంటున్నాను: నాలుగు ఫలితాలు చాలా తక్కువ సాక్ష్యం. పైగా 30 శాంపిళ్లు పోగయ్యేదాకా విచలనం 5 అన్నది పట్టికలోంచి తీసుకున్న అంచనా, మీ ప్లాంటు లెక్క కాదు.

గాజువాక ల్యాబు టెక్నీషియన్
ముందు ఆ 28 సంగతి తేల్చండి. ఒక శాంపిల్ అంటే మూడు క్యూబులు. మూడింటికీ విడివిడిగా ఎంత లోడు వచ్చిందో రిజిస్టరు పేజీ అడగండి.

ఎండాడ నివాసి
ఈ రోజు వెళ్లి చూసి వచ్చాను. 743, 720, 428 కిలోన్యూటన్లు.

గాజువాక ల్యాబు టెక్నీషియన్
అనుకున్నాను. 150 మిల్లీమీటర్ల క్యూబు ముఖం 22,500 చదరపు మిల్లీమీటర్లు. భాగిస్తే 33, 32, 19. సగటు 28 వస్తుంది, నిజమే. కానీ మూడింటిలో ఏదీ సగటుకు 15 శాతం మించి తేడా ఉండకూడదు, అంటే 23.8కీ 32.2కీ మధ్యనే ఉండాలి. 19 బయటే, 33 కూడా బయటే. కాబట్టి ఆ శాంపిల్ మొత్తం చెల్లదు. మూడు రోజులుగా ఇక్కడ వాదిస్తున్నది లేని ఫలితం గురించి.

మధురవాడ సైటు ఇంజినీరు
అయితే 19 తీసేసి మిగతా రెండింటి సగటు 32.5 వేయవచ్చు. చాలా సైట్లలో చేసేది అదే. ఒక్క క్యూబు సరిగా నింపకపోతే శ్లాబునంతా అనుమానించడం న్యాయం కాదు.

గాజువాక ల్యాబు టెక్నీషియన్
వేయకూడదండీ. నిబంధన చెల్లదన్నది శాంపిల్‌ని, ఒక్క క్యూబుని కాదు. నాకు కోపం తెప్పించే అలవాటు ఇదే.

బాగా విరిగిన క్యూబు నాలుగు పక్కలా పెచ్చులూడి, నడుము సన్నబడి, డమరుకంలా మిగులుతుంది. ఇలాంటి తక్కువ ఫలితం వచ్చిన క్యూబుని ఒకసారి మెషిన్లోంచి తీసి చేత్తో పట్టుకున్నాను. ఒక మూల కంకర విడివిడిగా తేలి ఉంది, వేలితో గీకితే రాలింది. పగులు ఆ మూల నుంచే ఏటవాలుగా పోయింది. క్యూబు నింపేటప్పుడు పొరకు కడ్డీతో కనీసం 35 పోట్లు వేయవలసిన చోట పది వేసి వదిలేశారా, లేక ఆ బండిలో కాంక్రీటే అలా వచ్చిందా? క్యూబుని చూసి నేను చెప్పలేను. కారణం తెలియకుండా తక్కువదాన్ని తీసి పారేస్తే, తగ్గినప్పుడల్లా తప్పు క్యూబుది, పెరిగినప్పుడల్లా గొప్ప కాంక్రీటుది అవుతుంది. అలా ఏరిన రిజిస్టర్లు చూశాను: 34.1, 34.3, 34.2, నెలల తరబడి. ఏ ప్లాంటూ అంత నిలకడగా పోయలేదు.

ఎం.వి.పి. కాలనీ, విశ్రాంత గణిత అధ్యాపకుడు
నేను చెప్పిన లెక్కంతా ఏరకుండా వచ్చిన ఫలితాలకే. ఏరితే 0.825కు అర్థమే లేదు.

మధురవాడ సైటు ఇంజినీరు
చెల్లదన్నది ఒప్పుకుంటున్నాను. కానీ 45 ఘనమీటర్లకు నాలుగు శాంపిళ్లు కావాలి, మిగిలినవి మూడే. పోసిన శ్లాబుకు కొత్త క్యూబులు ఎక్కడి నుంచి తెస్తాం? కోర్లు, అంటే గట్టిపడిన శ్లాబులోంచి డ్రిల్లు చేసి తీసే గుండ్రటి ముక్కలు, తీయమంటే మాత్రం భయమే. డ్రిల్లింగులో కడ్డీ తెగిన శ్లాబును కళ్లారా చూశాను.

గాజువాక ల్యాబు టెక్నీషియన్
ఆ భయం న్యాయమైనదే. కవర్ మీటరుతో కడ్డీలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టాకే డ్రిల్ దించాలి. ముందు కాంక్రీటు బండ్ల చలానా చూసి ఆ శాంపిల్ ఏ బండిదో, ఆ బండి ఎక్కడ పోసిందో కనుక్కోండి. అక్కడ రీబౌండ్ హ్యామర్‌తో (పైభాగం ఎంత గట్టిగా ఉందో చూపే సుత్తితో) కొట్టి చూసి, బలహీనంగా కనిపించిన చోట కనీసం మూడు కోర్లు తీయండి. క్యూబు బలానికి మార్చిన లెక్కలో సగటు 25.5 ఉండాలి, ఏదీ 22.5కు తగ్గకూడదు.

ఎండాడ నివాసి
చలానా దొరికింది. మూడో బండి. తూర్పు బాల్కనీల వైపు పోశారు, సముద్రానికి ఎదురుగా ఉన్న భాగం. నేను రాసిన అభ్యంతరం కాగితంలో ‘ఫెయిల్’ అన్న మాట కొట్టేశాను. శాంపిల్ చెల్లదని, మూడు కోర్లు కావాలని, ఖర్చు బిల్డరే పెట్టుకోవాలని రాశాను.

మధురవాడ సైటు ఇంజినీరు
కోర్లు పాసైతే ఖర్చు కమిటీయే భరించాలి. ఈ మాట దగ్గర నేను తగ్గను.

ఎండాడ నివాసి
క్యూబులు నింపింది కమిటీ కాదండీ. నేనూ తగ్గను.