అప్‌డేట్: ఆపరేషన్ థియేటర్‌లో గుడ్డ గౌన్లు మొదలుపెట్టాం

వాడి పారేసే గౌన్లు, డ్రేప్‌ల (ఆపరేషన్‌లో రోగిపై కప్పేవి) బదులు ఉతికి వాడే గుడ్డవి పెడితే ఇన్‌ఫెక్షన్ల భయం ఉంటుందా అని రెండు నెలల క్రితం ఇక్కడ మిమ్మల్ని అడిగాను. మీరు చెప్పినట్టే చిన్న ఆపరేషన్లతో మొదలుపెట్టాం.

ఉతికాక ఒక్కో గుడ్డనూ లైటుకు ఎదురుగా పట్టి చూస్తున్నాం. సూదిమొనంత చిల్లు కనిపించినా పక్కన పెట్టేస్తాం. తర్వాత మూటలు కట్టి ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే యంత్రం) 121 డిగ్రీల్లో 30 నిమిషాలు పెడతాం. మొదటిసారి మూటలు కుక్కి పెట్టడంతో లోపలి గుడ్డలు తడిగా వచ్చాయి, చాలా టెన్షన్ పడ్డాను. ఇప్పుడు ఆవిరి ఆడేలా వదులుగా పేరుస్తున్నాం. మూటకు అంటించిన టేపు మీది గీతలు నల్లబడ్డాయా, ఆవిరి లోపలిదాకా చేరిందో లేదో చూపే ఇండికేటర్ రంగు మారిందా చూశాకే వాడతాం.

రక్తం ఎక్కువ పోయే కేసులకు మాత్రం తడి ఇంకని గౌన్లే. అక్కడ రాజీ పడను.

కాల్చడానికి వెళ్లే పసుపు సంచులు రోజుకు నాలుగు నుంచి రెండుకు తగ్గాయి. ఉతికే ఆయమ్మకు మందపాటి గ్లౌజులు, బూట్లు ఇప్పించాం. అది మొదటి రోజే చేయాల్సింది.