కిలౌయా లావా చూడ్డానికి వెళ్తున్నాం, కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. అమెరికాకి కొత్తగా వచ్చాం. వచ్చే నెల హవాయి బిగ్ ఐలాండ్‌కి టికెట్లు తీశాం, హోటల్ కోనాలో. అమ్మకి ఉబ్బసం, బాబుకి నాలుగేళ్లు. లావా కనిపిస్తుందా? ఏమేం చూసుకోవాలి?
– హరిత

హరిత గారూ, కిలౌయా అగ్నిపర్వతం రోజూ లావా చిమ్మదండీ. 2024 డిసెంబర్ 23న మొదలైన దగ్గర్నుంచి విడతలుగా వస్తోంది. లోపల మాగ్మా (కరిగిన రాయి) నిండేకొద్దీ శిఖరం ఉబ్బుతుంది, దారి తెరుచుకుంటే గంటల తరబడి ఎగజిమ్మి మళ్లీ కుంగుతుంది. ఆ తర్వాత రోజుల తరబడి ఉత్త పొగే. 300 మీటర్లు దాటి లేచిన విడతలున్నాయి, చీకట్లో చూస్తే మాత్రం మాటలు రావు. యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) రోజువారీ అప్‌డేట్, యూట్యూబ్ లైవ్ కెమెరాలు చూసుకునే బయల్దేరండి. అగ్నిపర్వతం ఉన్న నేషనల్ పార్కుకి కోనా నుంచి రెండు గంటల పైనే, హిలో ఊరి నుంచి ముప్పావుగంట. ఒక రాత్రి హిలోకి మార్చుకుంటే తెల్లవారుజామునే చేరొచ్చు, పార్కింగ్ దొరుకుతుంది. పార్కు ప్రవేశ రుసుం కారుకి 30 డాలర్లు, 7 రోజులు చెల్లుతుంది. కార్డే, నగదు తీసుకోరు.
– మూర్తి

మూర్తి గారు చెప్పనిది ఒకటుంది. చిమ్మేటప్పుడు కరిగిన లావా సాగి సన్నటి గాజుపోగులవుతుంది. అక్కడి దేవత పేరుతో పేలే జుట్టు అంటారు. బంగారు రంగులో ముచ్చటగా ఉంటుంది, బాబు చేత్తో పట్టుకోబోతాడు, పట్టుకోనివ్వకండి, గుచ్చుకుంటుంది. పొడుగు చేతుల చొక్కా, కళ్లద్దాలు వేయండి. కంట్లో పడితే నలపకుండా నీళ్లతో కడగాలి. కారు అద్దం మీద పడితే వైపర్ వేయొద్దు, గీతలు పడతాయి. ముందు నీళ్లు పోయండి.
– సుధ

అమ్మగారి సంగతి: ఎన్-95 మాస్కు బూడిదని ఆపుతుంది గానీ పొగలో ఉండే సల్ఫర్ డయాక్సైడ్ అనే ఘాటు వాయువుని ఆపదు, ఆ ధైర్యంతో నిలబడొద్దు. మామూలుగా గాలి ఈశాన్యం నుంచి వీచి పొగని నైరుతికి తోసేస్తుంది. దక్షిణం గాలి తిరిగిన రోజు చూసే చోటికే కమ్ముకొస్తుంది, ఆ రోజు ఆవిడని తీసుకెళ్లకండి. కంచె దాటడం అసలొద్దు. అగ్నిబిలం అంచున నేల బీటలు వారి ఉంటుంది, ఎప్పుడు విరిగిపడుతుందో తెలియదు. 4,000 అడుగుల ఎత్తు కాబట్టి స్వెట్టర్, రెయిన్‌కోటు, టార్చి తప్పనిసరి. ఇన్‌హేలర్ సూట్‌కేసులో కాదు, చేతిసంచిలో ఉండాలి. ఘాటు తగిలిందంటే కారెక్కి అద్దాలు మూసి, ఏసీ రీసర్క్యులేషన్‌లో పెట్టి, పొగ లేని వైపుకి వెళ్లిపోండి. ఆయాసం తగ్గకపోతే అత్యవసర నంబర్ 911కి ఫోన్ చేయండి.
– ప్రసాద్