నాలుగేళ్ల రాజపాళయం కుక్కను తెచ్చుకున్నాం, పిలిస్తే పలకదు

ప్రశ్న (ఉప్పల్ నుంచి)

నమస్తే అండీ. పదకొండు రోజుల క్రితం ఒక షెల్టర్ నుంచి నాలుగేళ్ల మగ రాజపాళయం కుక్కను తెచ్చుకున్నాం. పాత యజమాని ఇల్లు మారుతూ వదిలేశారట. ఒళ్లంతా తెలుపు, గులాబీ ముక్కు, చూడ్డానికి రాజాలాగే ఉంటుంది, పేరు కూడా రాజానే. కానీ మహా మొండి. పిలిస్తే తల తిప్పదు. సోఫా మీంచి దింపబోతే గుర్రుమంటుంది. నిన్న తింటుండగా గిన్నె జరపబోతే మా ఆయన చేతి మీదికి వచ్చింది, పళ్లు తగల్లేదు. ఇంట్లో ఎనిమిదేళ్ల పాప ఉంది. అత్తయ్యగారు తిరిగి ఇచ్చేయమంటున్నారు. నాకేమో మనసొప్పడం లేదు.

జవాబు (విజయవాడ నుంచి)

మేడమ్, పదకొండు రోజులకే తీర్పు చెప్పేయకండి. బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు అని షెల్టర్ల వాళ్లు ఒక లెక్క చెబుతారు. వయసొచ్చిన కుక్కలకైతే ఇంకా ఎక్కువే పట్టొచ్చు.

ఇక గిన్నె సంగతి. ‘యజమాని ఎవరో దానికి తెలియాలి, గిన్నె లాక్కోండి’ అనేవాళ్లు చాలామంది ఉంటారు. నేనూ ఆ మాట విన్నాను. ఎడమ బొటనవేలి కింద మచ్చ ఇంకా ఉంది. పావుగంట సేపు సబ్బుతో కడుక్కుని, ఆసుపత్రికి పరిగెత్తి, రేబిస్ ఇంజెక్షన్లు అన్నీ వేయించుకున్నాను. తర్వాత పద్ధతి మార్చాను. మా కుక్క తింటుంటే నాలుగడుగుల దూరం నుంచి ఉడికించిన చికెన్ ముక్క ఒకటి విసిరి నా దారిన నేను వెళ్లిపోయేవాణ్ణి. కొన్ని రోజులకు మూడడుగులు, ఆపైన రెండు. మనిషి దగ్గరికొస్తే తిండి పోదు, ఇంకాస్త వస్తుంది అని దానికి అర్థమైంది. సోఫా దగ్గరా అంతే, ముక్క కింద వేయండి, బెల్టు పట్టి లాగొద్దు.

గుర్రుమన్నందుకు మాత్రం కొట్టకండి. అది మనకిచ్చే హెచ్చరిక. దాన్ని మాన్పిస్తే ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. పాపను దానితో ఒంటరిగా వదలొద్దు.

జవాబు (రాజపాళయం నుంచి)

మేం తమిళనాడులోని ఈ రాజపాళయం ఊరి తెలుగు రాజులమే అమ్మా. మా పెద్దలు విజయనగరం కాలంలో ఇటు వచ్చారంటారు. తెలుగులో అరవం కలిస్తే సర్దుకోండి. ఈ కుక్కలు మా ఇళ్లలో తరతరాలుగా ఉన్నవే. 2005లో వీటి బొమ్మతో తపాలా బిళ్ల కూడా వేశారు. మొండివే, కాదనను. ఒకరికే అతుక్కుంటాయి, కొత్తవాళ్లు ముట్టుకుంటే ఓర్చుకోవు. కానీ ముందు ఒకటి చెప్పండి, మీ రాజాకు చెవులు వినిపిస్తున్నాయా?

ఈ జాతిలో కొన్నిటికి పుట్టు చెవుడు ఉంటుంది. ఒంటికి రంగునిచ్చే కణాలే లోపలి చెవికీ కావాలి. అక్కడ అవి లేకపోతే పుట్టిన కొన్ని వారాలకే వినికిడి పోతుంది. డాల్మేషియన్లలోనూ ఇదే కథ. పరీక్ష చేసేటప్పుడు పళ్లెం నేల మీద పడేయకండి, నేల అదురుకే లేచేస్తుంది. దగ్గర్లో చప్పట్లు కొడితే గాలి తగులుతుంది. అది నిద్రపోతున్నప్పుడు పక్క గదిలోంచి చప్పుడు చేసి చూడండి.

అడిగినవారు

చూశామండీ. నిన్న సాయంత్రం కుడి చెవి పరుపుకు ఆనించి పడుకుంది. కుక్కర్ మూడు విజిళ్లు వేసినా కదల్లేదు. పొద్దున ఎడమ చెవి కిందికి పెట్టి పడుకున్నప్పుడు మొదటి విజిల్‌కే లేచింది. కానీ వంటింటి వైపు రాకుండా బాల్కనీలోకి వెళ్లి వెతికింది!

జవాబు (రాజపాళయం నుంచి)

అయితే ఎడమ చెవి వినిపించడం లేదనే అనుకోవాలి. చప్పుడు ఎటునుంచి వచ్చిందో పోల్చుకోవడానికి రెండు చెవులూ కావాలి. పిలిచినప్పుడు రాకపోవడం మొండితనం కాకపోవచ్చు, ఎటు రావాలో తెలియక. సోఫా మీద గుర్రు కూడా ఎడమ పక్కనుంచి వెళ్లి ముట్టుకున్నప్పుడేనేమో గమనించండి. నిద్రలో తట్టి లేపకండి, ముక్కు దగ్గర చికెన్ ముక్క పెట్టండి. పిలవడానికి చేతి సైగ అలవాటు చేయండి.

రోడ్డు మీద ఎప్పుడూ వదలొద్దు. పిల్లినో మేకనో చూస్తే ఇవి ఆగవు, పైగా వెనక నుంచి వచ్చే బండి దీనికి తెలియదు. తల సన్నం కాబట్టి మామూలు బెల్టులోంచి ఇట్టే జారిపోతుంది. ఛాతీ చుట్టూ తొడిగే హార్నెస్ కొనండి.

జవాబు (వరంగల్ నుంచి)

అక్కా, ఒకసారి డాక్టరుకు చూపించండి. చెవిలో చీము, నొప్పి ఉన్నా ముట్టుకుంటే కోపమొస్తుంది. పిడుదుల జ్వరానికి రక్త పరీక్ష కూడా అడగండి. రేబిస్ టీకా కార్డు షెల్టర్ వాళ్లు ఇవ్వకపోతే మళ్లీ వేయించేయండి.

అడిగినవారు

శనివారం తీసుకెళ్తున్నాం. ఇవాళ ఎదురుగా నిలబడి అరచెయ్యి ఊపితే నాలుగుసార్లకు మూడుసార్లు వచ్చాడు. అత్తయ్యగారు చూస్తూ ఏమీ అనలేదు, పెరుగన్నం మాత్రం ఆవిడే కలిపి పెట్టారు. హార్నెస్ ఎంత బిగుతుగా ఉండాలి?

జవాబు (విజయవాడ నుంచి)

పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు దూరాలి, మూడో వేలు దూరకూడదు. మొదట ఇంట్లోనే తొడిగి, వెనక్కి గుంజుకుంటే ఊడుతుందేమో చూసుకుని అప్పుడు గేటు దాటండి.