‘సిగ్నల్ లేదు’ అని రాయవచ్చునా?

సభ్యులకు నమస్కారం. సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియోతో (రేడియో పనిలో చాలా భాగాన్ని కంప్యూటర్ ప్రోగ్రాముకు వదిలే రిసీవర్‌తో) జీపీఎస్ సిగ్నల్‌ను రికార్డు చేసేటప్పుడు వచ్చే చిక్కుల గురించి తెలుగులో వ్యాసం రాస్తున్న ఒక సభ్యురాలు, ఉపగ్రహం ఒక్కటీ తగలని సందర్భాన్ని ‘సిగ్నల్ లేదు’ అంటే సరిపోతుందా అని నిన్న అడిగారు. సరిపోదని నా అభిప్రాయం. ఆ ‘లేదు’ను నమ్మి కొన్నాళ్లు నష్టపోయినవాడిగా ఈ మాట అంటున్నాను.

ఆరుబయట 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర జీపీఎస్ సిగ్నల్ ఎప్పుడూ ఉంటుంది. అయితే అది రిసీవర్‌లో సహజంగా ఉండే నాయిస్ (రొద) కన్నా పదుల రెట్లు బలహీనం కాబట్టి, ఎఫ్‌ఎం స్టేషన్‌లాగా తెర మీద శిఖరమై లేచి కనబడదు. తెర ఖాళీగా ఉందని, మా డాబా మీద చేసిన రికార్డింగులను నేను వినియోగించకుండానే చెరిపివేశాను. వాటిలో మంచివి కూడా ఉండే ఉంటాయి.

ఈ సందర్భానికి తెలుగులో మూడు క్రియలు సిద్ధంగా ఉన్నాయి. ఉత్తరం అందుతుంది, పోయిన ఉంగరం దొరుకుతుంది, చిల్లు లేని బిందెలో నీళ్లు నిలుస్తాయి. అందాలంటే వస్తువు మన దాకా రావాలి. దొరకాలంటే మనం వెతకాలి. నిలవాలంటే వచ్చింది జారిపోకూడదు.

యాంటెన్నాలోని యాంప్లిఫైయర్‌కు కేబుల్ గుండా వెళ్లవలసిన 3 నుంచి 5 వోల్టుల కరెంటు, బయాస్ టీ (ఆ కరెంటును కేబుల్‌లోకి పంపే అమరిక) ఆన్ చేయనందువల్ల వెళ్లకపోతే, ‘సిగ్నల్ అందలేదు’ అనాలి.

‘దొరకలేదు’ అన్నదే అన్నిటికన్నా సూక్ష్మమైనది. సిగ్నల్ ఫైలులో భద్రంగా ఉంటుంది, వెతికే చోటే తప్పుతుంది. చవక డాంగిల్‌లో (యూఎస్‌బీకి తగిలించే చిన్న రిసీవర్‌లో) ఫ్రీక్వెన్సీకి ఆధారమైన క్రిస్టల్ పదిలక్షకు 20 వంతులు తప్పితే, ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర ఆ తేడా దాదాపు 31,500 హెర్ట్జ్ అవుతుంది. కదలకుండా ఉన్న రిసీవర్‌కు ఉపగ్రహ గమనం వల్ల వచ్చే తేడా ఇటు 5,000, అటు 5,000 హెర్ట్జ్‌లోపే కనుక, ఆ మేరకే వెతికే ప్రోగ్రాముకు ఏదీ చిక్కదు. అలాగే 0 నుంచి 255 వరకు ఉండే శాంపిళ్లను (సిగ్నల్‌ను క్షణక్షణం కొలిచి ఫైలులో రాసిన అంకెలను) −128 నుంచి 127 వరకు ఉన్నవిగా చదివినా అంకెలన్నీ తారుమారై దొరకవలసింది దొరకదు. ఇక్కడ ‘లేదు’ అని రాస్తే, పాఠకుడు అనవసరంగా యాంటెన్నా మార్చడానికి డాబా ఎక్కుతాడు.

రికార్డింగు మధ్యలో యూఎస్‌బీ గానీ డిస్కు గానీ వేగం అందుకోలేక శాంపిళ్లు రాలిపోతే, 1,023 చిప్‌లతో (కోడ్‌లోని ముక్కలతో) ప్రతి మిల్లీసెకనుకూ తిరిగి మొదలయ్యే ఉపగ్రహపు కోడ్ ఉన్నట్టుండి పక్కకు జరిగినట్టవుతుంది. దొరికిన ఉపగ్రహం చేజారుతుంది. అది ‘నిలవలేదు’.

మరొక మాట కూడా ఇక్కడే తేల్చుకుంటే బాగుంటుంది. అక్విజిషన్‌ను, అంటే ఉపగ్రహపు సిగ్నల్‌ను మొదట వెతికి పట్టుకోవడాన్ని, ‘గ్రహణం’ అనడం అర్థరీత్యా తప్పు కాదు గానీ, ఉపగ్రహాల ప్రసక్తి వచ్చిన వాక్యంలో ఆ మాట పడితే పాఠకుడికి ముందుగా సూర్యగ్రహణమే తోస్తుంది. ‘జాడ తీయడం’ అంటే వెతుకులాట అందులోనే పలుకుతుంది. ఆ తర్వాతి దశ అయిన ట్రాకింగ్‌కు (దొరికిన సిగ్నల్‌ను వదలకుండా అనుసరించడానికి) ‘వెంబడించడం’ చక్కగా అతుకుతుంది. జాడ తీయడానికి ఇంతకన్నా పొట్టిగా, నామవాచకంగా వాడదగిన మాట మీ ప్రాంతంలో ఉంటే దయచేసి తెలియజేయండి.