ఒక్క రోజులో హైదరాబాద్: నాన్నగారు, అమెరికా పిల్లలతో వెళ్తున్నాం, ప్రైవేట్ గైడ్ పెట్టుకోవాలా?

వాసంతి, రాజమండ్రి:

అందరికీ నమస్కారం. డిసెంబర్ చివర్లో డల్లాస్ నుంచి మా అన్నయ్య, వదిన, ఇద్దరు పిల్లలు వస్తున్నారు. అమ్మ, నాన్నగారు, నేను ముందు రోజే హైదరాబాద్ చేరుకుంటాం. ఒక రోజంతా అందరం కలిసి ఊరు చూసి, రాత్రి సికింద్రాబాద్‌లో గౌతమి ఎక్కి రాజమండ్రి వచ్చేద్దామని ప్లాన్.

ఒక ట్రావెల్స్ వాళ్లు ప్రైవేట్ టూర్ అని లిస్ట్ పంపారు. గోల్కొండ, కుతుబ్ షాహీ సమాధులు, చౌమహల్లా, సాలార్‌జంగ్, చార్మినార్, మక్కా మసీదు, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, ఆఖర్న ముత్యాల షాపింగ్. కారు, ఇంగ్లీష్ గైడ్ వాళ్లదే. పిల్లల్లో పెద్దాడికి పదిహేనేళ్లు, చిన్నదానికి పదకొండు. తెలుగు బాగా అర్థమవుతుంది, మాట్లాడటమే తక్కువ. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. కానీ గోల్కొండ, రామదాసు చెర అంటే ఆయనకి ఎప్పటి నుంచో కోరిక.

అసలు గైడ్ అవసరమా? పెట్టుకుంటే ఎలాంటి వాళ్లని పెట్టుకోవాలి? గురువారం, శుక్రవారం రెండూ మాకు ఖాళీయే. ఏది మంచిది?

కూకట్‌పల్లి బాబాయ్:

అమ్మాయ్, గైడ్ దండగ. ప్రతి చోటా బోర్డులున్నాయి, ఫోన్లో వీడియోలున్నాయి. ఆ డబ్బులతో మంచి బండి మాట్లాడుకోండి, మంచి భోజనం చేయండి. పిల్లలకి మాత్రం సాలార్‌జంగ్ గడియారం తప్పకుండా చూపించండి. గంట కొట్టే సమయానికి బొమ్మ బయటికి వస్తుంది, మధ్యాహ్నం పన్నెండుకైతే జనం కుర్చీలేసుకుని కూర్చుంటారు.

రమణి, వైజాగ్:

మేం పోయిన వేసవిలో ఇలాంటి ప్యాకేజీయే తీసుకున్నాం. డ్రైవరే గైడ్ అన్నారు. గోల్కొండ గేటు దగ్గర ఒకసారి చప్పట్లు కొట్టి చూపించి "మీరు పైకి వెళ్లి రండి, నేను బండి దగ్గర ఉంటా" అన్నాడు. సమాధుల దగ్గర పది నిమిషాలు. ముత్యాల కొట్లో మాత్రం గంటకి పైగా. మా అత్తగారు నీరసపడి కుర్చీలో కూర్చుండిపోయారు. షాపింగ్ అనే మాట లిస్ట్‌లో ఉంటే ఆ టూర్ వద్దనే చెప్తాను.

శాలిబండ గైడ్:

వాసంతి గారూ, నేను పుట్టి పెరిగింది పాతబస్తీలో. టూరిజం లైసెన్స్ ఉన్న గైడ్‌ని, ఇదే నా జీవనం. అందుకే గైడ్ కావాలంటున్నానని అనుకున్నా ఫరవాలేదు, నాకు తెలిసింది చెప్తాను. బాబాయ్ గారన్నట్టు బోర్డులున్నాయి. కట్టించిన రాజు పేరు, కాలం వాటి మీద దొరుకుతాయి. కానీ గోల్కొండలో గోడ పగిలిన చోట బయటపడ్డ మట్టి గొట్టాన్ని వేలు పెట్టి చూపించే బోర్డు లేదు. పర్షియన్ చక్రాలతో నీళ్లను ఒక తొట్టి నుంచి పై తొట్టికి అంచెలంచెలుగా తోడి, అక్కడి నుంచి ఈ గొట్టాల్లో మహళ్లకీ తోటలకీ వదిలేవారు. ఆ గొట్టం ముందు పిల్లల్ని నిలబెట్టి, పైన తొట్టి ఎక్కడుందో, కింద ఫౌంటెన్ ఎక్కడుందో వెతకమంటే వాళ్లే ఆ దారి పట్టేస్తారు. ఇది వీడియోతో అయ్యే పని కాదు.

ముందు ఆ లిస్ట్‌ని సగానికి కోసేయండి. బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, షాపింగ్ తీసేయండి. సాలార్‌జంగ్, చౌమహల్లాల్లో ఒకటే ఉంచండి. తొమ్మిది చోట్లంటే మీ వాళ్లు చూసేది మెహదీపట్నం ట్రాఫిక్కే.

పొద్దున తొమ్మిదికల్లా గోల్కొండ గేటు దగ్గర ఉండాలి. డిసెంబర్ అంటే స్కూలు పిల్లల విహారయాత్రల నెల, పదకొండు దాటితే బస్సులకు బస్సులు దిగుతాయి. పైకి దాదాపు 360 మెట్లు. నాన్నగారు ఎక్కొద్దు. కింద బాలా హిస్సార్ దర్వాజా గోపురం కింద ఆయన, అమ్మగారు ఆగాలి. గైడ్ పిల్లల్ని తీసుకుని పైకి వెళ్లాలి. పైన బారాదరి అనే దర్బారు మండపం దగ్గరికి చేరాక ఫోన్ చేస్తే నాన్నగారు కింద నుంచి చప్పట్లు కొడతారు, కిలోమీటరు దూరంలో పిల్లలు పైన వింటారు. గేటు దాటి వచ్చింది ఎవరో కొండ మీద వాళ్లకి క్షణంలో తెలియాలని చేసిన ఏర్పాటు అది. మామూలుగా గైడ్లు కింద చప్పట్లు కొట్టి "పైన వినిపిస్తుంది" అని చెప్పి వదిలేస్తారు. పైన ఒకళ్లు, కింద ఒకళ్లు ఉంటేనే దాని సంగతి తెలిసేది. తర్వాత నాన్నగారు మెట్లెక్కకుండా రాణీమహల్ దాకా నడవచ్చు, నేల చాలావరకు చదునే. పిల్లలు దిగే దారి కూడా అటే వస్తుంది.

రామదాసు చెర మాత్రం మెట్ల దారి మధ్యలో ఉంది. నాన్నగారికి ఓపిక ఉంటే ఆగి ఆగి అక్కడి దాకా ఒక్కటే ఎక్కించండి, ఇంకా పైకి వద్దు. లోపల చీకటి, కప్పులో చిన్న కంత, గోడ మీద ఆయన చెక్కాడని చెప్పే రాముడు, లక్ష్మణుడు, హనుమంతుడు. మీ పిల్లలు డల్లాస్‌లో సంగీతం క్లాసులకి వెళ్తుంటే రామదాసు కీర్తనలు నేర్చుకునే ఉంటారు. కంచెర్ల గోపన్న తహశీల్దారు, సర్కారు డబ్బుతో భద్రాచలం గుడి కట్టించి జైలు పాలయ్యాడు, అప్పటి సుల్తాన్ తానీషా. ఇంతవరకు అందరూ చెప్తారు. మంచి గైడ్ ఇక్కడ ఆగడు. అదే తానీషా దర్బారులో మంత్రులు అక్కన్న, మాదన్న. అదే తానీషాని 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించాడు. కోట గోడలు లొంగలేదు, లోపలి మనిషి లంచం తీసుకుని తలుపు తీశాడు. పట్టుబడ్డ సుల్తాన్ దౌలతాబాద్ కోటలో బందీగానే చనిపోయాడు. మీరు తర్వాత వెళ్లే సమాధుల తోటలో తానీషా సమాధి లేకపోవడానికి కారణం అదే. కోటలో మొదలైన కథ తోటలో ముగుస్తుంది, ఈ రెండూ వెంట వెంటనే చూడాలని నేను పట్టుబట్టేది అందుకే.

సమాధుల దగ్గర జనం తక్కువ, చెట్ల నీడ ఉంటుంది, నాన్నగారు హాయిగా తిరగొచ్చు. అందరూ మొహమ్మద్ కులీ సమాధి ముందు ఫోటోలు దిగుతారు. 42 మీటర్ల ఎత్తు, చార్మినార్ కట్టించిన రాజు, దిగాల్సిందే. మా తెలుగు వాళ్లు మాత్రం వాళ్ల నాన్న ఇబ్రహీం సమాధి దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు ఆగాలని నా కోరిక. ఇబ్రహీం కుర్రతనంలో అన్నతో పడక విజయనగరం పారిపోయి, అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్లు ఉన్నాడు. అక్కడే తెలుగు రుచి తగిలింది. గోల్కొండ గద్దె ఎక్కాక తెలుగు కవుల్ని పోషించాడు, వాళ్లు ఆయన్ని మల్కిభరాముడని పద్యాల్లో పొగిడారు. అదే ఇబ్రహీం 1565లో రామరాయల మీదికి వెళ్లిన సుల్తానుల్లో ఒకడు. ఆశ్రయమిచ్చినవాడు ఆ యుద్ధంలోనే తల పోగొట్టుకున్నాడు. నేను ఈ మాట చెప్పినప్పుడు పెద్దవాళ్లు కాసేపు మాట్లాడరు. ఆ సమాధి గోడ మీద అప్పటి రంగు పలకల ముక్కలు ఇంకా అక్కడక్కడా అంటుకుని ఉన్నాయి, దగ్గరికెళ్లి చూడండి.

అక్కడి బడీ బావలి, అంటే పెద్ద మెట్ల బావి కూడా వదలొద్దు. 2013 వానల్లో ఒక వైపు కూలిపోయింది. ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్లు అవే రాళ్లు పైకి తీసి మళ్లీ కట్టారు. ఈ తోటలోని మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో అవార్డు వచ్చింది.

భోజనం టోలిచౌకి వైపు కానిచ్చేయండి. శాకాహారులుంటే ముందే గైడ్‌కి చెప్పాలి, దారి దాన్ని బట్టి మారుతుంది.

మధ్యాహ్నం చౌమహల్లాతో మొదలుపెట్టి, వెనక్కి తిరగకుండా ఒకే దారిలో నడవండి. ఖిల్వత్ దర్బారు హాల్లో షాండ్లియర్లు చూసి, లాడ్ బజార్ గుండా చార్మినార్‌కి రండి. లాడ్ బజార్‌లో కొట్ల ముందు వరస కాకుండా, వెనక గల్లీల్లో లక్క గాజులు చేసే చోటికి గైడ్‌ని తీసుకెళ్లమనండి. బొగ్గుల సెగ మీద లక్కని మెత్తబరిచి, గాజుకి చుట్టి, అది చల్లారేలోపు ఒక్కో రాయి చేత్తో అద్దుతారు. చిన్నమ్మాయి కళ్ల ముందే గాజు తయారవుతుంది, కొనాలనిపిస్తే అక్కడే కొనండి. చార్మినార్, మక్కా మసీదు చూశాక చాలా టూర్లు అక్కడితో సరి. మీరు ఉత్తరంగా ఇంకో పది నిమిషాలు నడవండి. గుల్జార్ హౌజ్ దగ్గర మధ్యలో నిలబడితే నాలుగు వైపులా నాలుగు కమాన్లు కనపడతాయి, 1591లో ఊరికి గీసిన ప్లాన్ కాళ్ల కింద ఉన్నట్టే. ఇంకా ముందుకెళ్తే పత్తర్‌గట్టి దగ్గర బాద్‌షాహీ ఆషూర్‌ఖానా, మొహర్రం సంతాపం జరిపే చోటు. వెలుతురు ఉండగానే చేరుకోవాలి. మొహమ్మద్ కులీ కాలంలో కట్టింది, గోడలనిండా ఇరానీ పద్ధతిలో రంగుల పింగాణీ పలకలు. పైన పలకలు మెరుస్తుంటాయి, కింది భాగం మాత్రం రంగులతో వేసిన నకలు. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద లోపలికి వచ్చి కింది పలకల్ని పాడుచేసింది. నది ఎంత దూరం వచ్చిందో ఆ గోడే చెప్తుంది. అది ప్రార్థన జరిగే చోటు, చెప్పులు బయట విడిచి, తల మీద కొంగో రుమాలో వేసుకుని వెళ్లండి.

గైడ్ విషయానికొస్తే, మెడలో లైసెన్స్ కార్డు ఉండాలి. డ్రైవర్ వేరు, గైడ్ వేరు. ముందే ఫోన్ చేసి రామదాసు కథ రెండు నిమిషాలు తెలుగులో చెప్పమనండి. చెప్పే తీరులోనే మనిషి తెలిసిపోతాడు. ఇంగ్లీష్ గైడ్‌ని పెడితే పిల్లలకి అర్థమవుతుంది, నాన్నగారు పక్కన నిలబడిపోతారు. తెలుగులో చెప్తూ మధ్యలో పిల్లలకి ఇంగ్లీష్ మాట అందించేవాళ్లయితే అందరూ కలిసి వింటారు. కోట పైదాకా వస్తాడా, కొట్లకి తీసుకెళ్లడని మాటిస్తాడా, రోజు మొత్తానికి ఫీజు ఎంత, టికెట్లు అందులో ఉన్నాయా లేవా, ఇవన్నీ మెసేజ్‌లో రాయించుకోండి.

గురువారమే పెట్టుకోండి. శుక్రవారం సాలార్‌జంగ్, చౌమహల్లా రెండింటికీ సెలవు. మధ్యాహ్నం జుమ్మా నమాజుకి మక్కా మసీదు చుట్టూ వేలమంది ఉంటారు, నాన్నగారితో ఆ జనంలో టెన్షన్ పడతారు.

కూకట్‌పల్లి బాబాయ్:

ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, ఆషూర్‌ఖానా లోపలికి ఎప్పుడూ వెళ్లలేదు. రామరాయలు, ఇబ్రహీం సంగతి చదివాను కానీ సమాధి ఇక్కడే ఉందని ఆలోచించలేదు. అమ్మాయ్, గైడ్‌ని పెట్టుకోండి. గడియారం మాట వదిలేస్తున్నాను, అది ఇంకోసారి చూడొచ్చు.

వాసంతి, రాజమండ్రి:

శాలిబండ గైడ్ గారూ, చాలా థాంక్స్. మీరు రాసింది చదివి వినిపిస్తే నాన్నగారు రామదాసు చెర దాకా ఎక్కుతానంటున్నారు. గురువారమే ఖాయం చేశాం. ఇంకో రెండు సందేహాలు. అన్నయ్య వాళ్లందరికీ అమెరికా పాస్‌పోర్టులు, ఓసీఐ కార్డులు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చేవి) ఉన్నాయి. టికెట్ విదేశీయుల రేటా? మేం ఏడుగురం, ఏ బండి మాట్లాడాలి?

శాలిబండ గైడ్:

గోల్కొండ, చార్మినార్ రెండూ పురావస్తు శాఖవి. మనవాళ్లకి 25 రూపాయలు, విదేశీయులకి 300. ఓసీఐ ఉన్నవాళ్లకి మన రేటే. కౌంటర్‌లో అడుగుతారు, అసలు కార్డులు చేతిలో ఉంచుకోండి, బ్యాగు బండిలో వదిలేసి రావొద్దు. పదిహేనేళ్లు నిండని పిల్లలకి టికెట్ లేదు, చిన్నమ్మాయికి అక్కర్లేదు. సమాధులు, చౌమహల్లా టికెట్లు వేరు.

ఏడుగురు, గైడ్, డ్రైవర్ అంటే ఇన్నోవాలో పట్టరు. టెంపో ట్రావెలర్ మాట్లాడండి. కానీ అంత బండి చార్మినార్ దగ్గర ఆపడానికి చోటుండదు. ఖిల్వత్ దగ్గర మిమ్మల్ని దింపేసి, డ్రైవర్ మదీనా సెంటర్ వైపు వెళ్లి ఆగాలి. మీరు నడిచే దారి అటే వస్తుంది. లాడ్ బజార్ మొదట్లో నాన్నగారికీ అమ్మగారికీ ఒక ఆటో మాట్లాడండి, గల్లీలు తిరగనక్కర్లేకుండా నేరుగా చార్మినార్ దగ్గర మిమ్మల్ని కలుస్తారు. సామాన్లు బండిలోనే ఉంటాయి కాబట్టి సాయంత్రం ఆరున్నరకల్లా మదీనాలో బండెక్కండి. అఫ్జల్‌గంజ్, కోఠీ మీదుగా సికింద్రాబాద్‌కి ఆ వేళ ట్రాఫిక్ గట్టిగా ఉంటుంది, గౌతమికి ఆలస్యం కాకూడదు.